దేవరకు ఇచ్చే పుంజు

ఫిబ్రవరి 3

అక్షరాలు తప్పు పోతే ఏమీ అనుకోకండి. ఆరో తరగతితోనే నా బడి ఆగింది. రాత కూడా కోడి గీకినట్టే ఉంటుంది.

ఈ రోజు అత్తతో ఎమ్మిగనూరు సంతకు వెళ్లాను. వ్యాపారి మా పుంజులను కాళ్లు పట్టి ఎత్తి చూశాడు. "ఎముకలే ఉండాయి కదమ్మా. మేత పెట్టవా?" నన్నే అడిగాడు. తల దించుకున్నాను. మేత వేసేది నేనే.

ఫిబ్రవరి 9

ఆదోని నుంచి ఆడబిడ్డ, ఆమె భర్త వచ్చారు. కోడి కోశాం. ఏడాది పెంచిన పెట్ట... గిన్నె అడుగుకే సరిపోయింది. "వదినా, ఇది కోడా, పిచ్చుకా?" ఆడబిడ్డ నవ్వింది. అల్లుడి ముందు అత్త ముఖం చిన్నబోయింది. వాళ్లు వెళ్లాక అత్త —

"నీ సేతిలో ఏదీ పెరగదే."



ఫిబ్రవరి 10

తప్పు మేతది కాదు. ఈ ఇంట్లో బాగా ఎదిగిన పుంజును ఏటా ఊరి దేవరకు బలిగా మొక్కుతారు. దాని తర్వాతివి సంతకు పోతాయి. ఎవరికీ పనికిరాని చిన్నది మిగిలి, పెట్టలతో తిరుగుతుంది. పిల్లలన్నీ దానివే. ఏటేటా ఇంకా చిన్నవి. హాలహర్విలో మా అమ్మ పెద్దదాన్నే ఉంచుకుని మిగతావి అమ్మేది.

అత్తకు చెప్పాలి. నోరు రాదు.

ఫిబ్రవరి 12

ఈసారి ఎర్ర పుంజు ఒకటి ఎలాగో బాగా లేచింది. రొమ్ము చేతికి నిండుగా తగులుతుంది. దాన్ని అప్పుడే దేవరకు అనుకున్నారు. పోయేలోపు దాని పిల్లలు దక్కాలి. పాత చిన్న పుంజు దాన్ని పెట్టల దగ్గరికి రానివ్వడం లేదు. ఆ చిన్నదాన్నే పట్టి గంప కింద మూశాను.

"ఏమే, దాన్నేల మూసినావు?"

"కుంటుతాంది అత్తా."

అబద్ధం.

ఫిబ్రవరి 27

ఆయన పొలం నుంచి మనుషులను భోజనానికి తీసుకొచ్చారు. అత్త గంప ఎత్తి చిన్న పుంజును కోసింది. ముక్కలు కడుగుతూ — "కాలు బాగానే ఉండె కదే?"

ఉల్లిగడ్డలు తరుగుతూనే ఉన్నాను. 

మార్చి 6

ఇంతకుముందు పెట్టిన గుడ్లన్నీ కూరకు వాడేశాను. పాత పుంజును తీసేసినా కొన్నాళ్లు గుడ్లలో దాని పిల్లలే వస్తాయని అమ్మ చెప్పేది. ఈ వారం గుడ్లనే పొదగడానికి పెట్టాను. నల్లపెట్ట కూర్చుంది. కదలడం లేదు.

మార్చి 20

ఈ రోజు దేవర జాతర. ఎర్ర పుంజుకు నేనే పసుపు పూసి ఇచ్చాను. ఎంత బరువో...

"సూడండప్పా, మా పుంజు!" అత్త అందరికీ చూపింది. ఆమె అంత సంతోషంగా ఉండటం నేను చూడలేదు. వెనక్కి వెళ్లి నిలబడ్డాను.

మార్చి 27

గుడ్లు పగిలి పిల్లలు లేచాయి. అన్నీ కాదు. చాలు.

ఏప్రిల్ 28

అత్త పిల్లల దగ్గర కూర్చుంది. "ఈతూరి బాగా లేసినాయే" అంది. ప్రాణం లేచి వచ్చింది. ఇంతలో అన్నిటికన్నా పెద్ద పుంజుపిల్లను పట్టుకుంది.

"వచ్చే దేవరకు ఇదే."

ఎక్కడి నుంచి వచ్చిందో మాట — "వద్దత్తా. దీన్ని పెట్టల్లో ఉండనీ. ఇట్లాంటి పిల్లలే వస్తాయి. దేవరకు ఇంగోటి ఇద్దాం."

"సిన్నదా? దేవరకా?"

ఆమె గుప్పిట్లో అది కీచుమంటోంది. అత్త నన్నే చూస్తోంది. కోపమా, ఆలోచనా... తెలియలేదు. లోపల అన్నం మాడుతున్న వాసన. పరుగెత్తాను.

తిరిగి వచ్చేసరికి అత్త లేదు. పెద్దదాని కాలికి గుడ్డపీలిక కట్టి ఉంది. దేవరకని గుర్తు పెట్టిందో, ఉంచుకోవడానికో... అడగలేకపోయాను.

ఈ కాగితాలు ఎవరికి దొరికినా పొయ్యిలో పెట్టండి. దేవరకు చిన్నది చాలన్న కోడలినని ఊరికి తెలియకూడదు.