గరుత్మంతుడని చెప్పాను

ఫిబ్రవరి 9
గెడ్డ నీళ్ళకి అవతల పెద్ద నేరేడు. పాముగద్ద గుడ్డు మీద కూర్చుంది. ఏడాదికి ఒక్కటే గుడ్డు. పోయినేడాదిది గాలివానకి పోయింది. ఈ కొండ మీద ముదురు చెట్లు ఇంకెన్ని గనక... ఏది ఎవరింటి తలుపులయిందో నాకు తెలుసు.

ఫిబ్రవరి 11
మా చెల్లెలి మొగుడు అప్పలనాయుడు రంపంతో దిగాడు. రామకోవెలకి తలుపులట. చట్టం చెప్పాను. నవ్వాడు. గుడ్డుందన్నాను.
"గద్దగుడ్డు కోసం రాముడాగాలేటి బావా?"
నోటికొచ్చింది అనేశాను — పాముల్ని తినేది, తల మీద కిరీటంలా జుట్టున్నది, సాక్షాత్తూ గరుత్మంతుడు కాక మరేమిటి?
రంపం కింద పెట్టాడు. చెప్పులు విడిచాడు. "ముందే సెప్పాల కదా బావా!"
నలభై ఏళ్ళుగా నా నిజం ఒక్కటీ నమ్మని మనిషి.

ఫిబ్రవరి 12
గెలిచాను. గుడి గడప తొక్కని నేను పురాణాలు చదివింది ఇందుకే కాబోలు.

ఫిబ్రవరి 15
చెట్టు మొదట్లో కొబ్బరిచిప్పలు. పసుపు.

ఫిబ్రవరి 17
అప్పలనాయుడు మైకు కట్టించాడు. గూటి కిందే సాంబ్రాణి పొగ. పక్షి లేచిపోయింది, దూరపు కొమ్మ మీంచి ఈలలా అరుస్తోంది. "స్వామి పలుకుతన్నాడు!" — దండాలు.
ఫారెస్టు బీటు ఆఫీసరుకి ఫోన్ చేశాను. వచ్చాడు, పులిహోర తిన్నాడు, వెళ్ళాడు.

ఫిబ్రవరి 18
అందరి ముందూ చెప్పాను — అబద్ధమాడాను, అది ఉత్త గద్ద.
"నువ్వు కాదు బావా, స్వామే నీ నోట పలికించినాడు." మైకులో అన్నాడు, అప్పలనాయుడు.
చెల్లి పైడమ్మ చెయ్యి పట్టుకుంది. "ఊరుకో అన్నియ్యా. ఈ వయసులో ఏటీ పాపం? దండమెట్టు."
జనం నవ్వారు. నా పుస్తకాలన్నీ గెడ్డలో పారేయాలి.

ఫిబ్రవరి 19
తెల్లారేసరికి గూట్లో ఉంది! ప్రాణం లేచొచ్చింది. అంతలో డప్పులు. మళ్ళీ ఎగిరిపోయింది.
ఒక్కటే దారి. స్నానం చేసి పైడమ్మ చేత నామం పెట్టించుకున్నాను. ఏడ్చింది, సంతోషంతో. దాని మొహం చూడలేకపోయాను.
చెట్టు కింద సాష్టాంగపడ్డాను. స్వామి కలలోకొచ్చాడన్నాను. పిల్ల ఎగిరేదాకా ఎవరూ గెడ్డ దాటకూడదన్నాడని చెప్పాను.
అప్పలనాయుడు నా కాళ్ళకి మొక్కాడు. నా కాళ్ళకి! మైకు విప్పించాడు, జనాన్ని దింపేశాడు. పోతూ చెవిలో —
"నా గురించేటైనా అన్నాడా బావా?"
అన్నాడన్నాను. తర్వాత చెప్తానన్నాను.

గెడ్డ ఇవతల బండ మీద రాస్తున్నాను. పొద్దు వాలుతోంది. పొద్దున్నుంచీ గుడ్డు చల్లగా... పక్షి దూరపు కొమ్మ మీదే, గూటికేసి చూస్తూ. రా తల్లీ, ఎవరూ లేరు.
నామం చెమటకి కరిగి కంట్లోకి దిగుతోంది. తుడుచుకోను — కదిలితే చూస్తుంది.