మాస్క్ కింద శ్రుతి

మార్చి 1, శుక్రవారం. థెస్సలోనికి నగరం

ఇవాళ ఆసుపత్రిలో నా మొహానికి అచ్చు తీశారు. వేడినీళ్లలో మెత్తబడిన ప్లాస్టిక్ వల ఒకటి మొహం మీద పరిచి, భుజాల దాకా లాగి, చల్లారేదాకా కదలొద్దన్నారు. సెలూన్‌లో ఇన్నేళ్లుగా ఎంతమంది మొహాల మీద వేడి తువ్వాలు కప్పానో లెక్కలేదు. ఒక్కడూ కిక్కురుమనలేదు. నేను మాత్రం ఆ కాసేపట్లోనే చెమటతో తడిసి ముద్దయ్యాను.

మంగళవారం నుంచి రోజూ దీన్ని తొడిగి బల్లకి బిగిస్తారట. శని, ఆదివారాలు వదిలేస్తారు. ఇలా ఈస్టర్ ముందు దాకా.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. స్వరపేటిక మీద ఉన్నది చిన్నదే, రేడియేషన్‌తో పోయే అవకాశం బాగానే ఉంది, మధ్యలో మాత్రం మానకూడదు అంది. మానితే ఏమవుతుందన్నాను. స్వరపేటిక మొత్తం కోసి తీసెయ్యాలి, ఇక గొంతుండదు అంది. ఏం చేస్తుంటారు మీరు అని అడిగింది. మంగలిని అన్నాను. పోన్లెండి, గొంతుతో అంత పనుండదు అంది.

మా దీవి గుళ్లో ఆరాధనకి కుడిపక్క నిలబడి కీర్తనలు పాడేది నేనేనని చెప్పబుద్ధి కాలేదు.

మార్చి 4

రోగుల కోసం బిషప్ గారు నడిపే హాస్టల్లో గది ఇచ్చారు. మంచం, గోడకి మేరీమాత పటం, కిటికీ. కిటికీ తీస్తే ఇంకో గోడ.

త్రాసోస్ ఫోన్ చేశాడు. మా దీవి గుళ్లో ఎడమపక్క నిలబడి నాకు శ్రుతి పట్టేవాడు. నేను పాట ఎంత పైకి తీసుకెళ్లినా, ఎంత కిందికి దించినా ఒకే స్వరం పట్టుకుని మొద్దులా నిలబడటం వాడి పని. మిగతా రోజుల్లో చేపలు పడతాడు. మేష్టారూ, నిన్న మీరు లేక మొత్తం నేనే పాడాల్సొచ్చింది, బలిపీఠం దగ్గర్నుంచి ఫాదర్ గారు దగ్గుతూనే ఉన్నారు, ఇంటికెళ్తే మా ఆవిడ ముద్ద పెట్టింది గాని మాట్లాడలేదు అన్నాడు. ఏ రాగంలో ఎత్తుకున్నావురా అన్నాను. ఎత్తుకున్నదొకటి, దించిందొకటి మేష్టారూ అన్నాడు. నవ్వాను. నవ్వితే గొంతులో ముల్లు గుచ్చుకుంది.

మార్చి 5

పారిపోయాను.

అదే రోజు, మధ్యాహ్నం

సరే, రాస్తాను. టెక్నీషియన్ పేరు ఎరిఫీలీ. చిన్నపిల్ల. మాస్క్ వేసి చుట్టూ క్లిప్పులు టకటకా బిగించింది. చేతిలో బజర్ పెట్టి, కష్టంగా ఉంటే నొక్కండి తాతయ్యా అంది. పెళ్లే చేసుకోనివాణ్ణి పట్టుకుని తాతయ్యట! అందరూ బయటికి వెళ్లిపోయారు. బ్యాంకు లాకర్ తలుపులాంటి తలుపు మూసుకుంది. లోపల నేనూ మెషీనూ మిగిలాం.

నోరు తెరుచుకోదు. తల తిరగదు. నన్ను పెట్టెలో పెట్టి మూత బిగించినట్టే అనిపించింది. చనిపోతే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసిపోయింది. చీకటికి కాదు నేను భయపడింది, అక్కడ ఇంకెవరూ లేకపోవడానికి. బజర్ నొక్కాను. వాళ్లొచ్చి విప్పుతున్నా నొక్కుతూనే ఉన్నానట. చొక్కా చేత్తో పట్టుకుని కారిడార్లో పడ్డాను.

బస్టాపులో కూర్చుని ప్రార్థన చేద్దామనుకున్నాను. నాకు ప్రార్థనంటే పాటే. పాటంటే ముందు రాగం తేల్చుకోవాలి. తేలేలోపు బస్సొచ్చింది.

మార్చి 6

మా ఊరి ఫాదర్ గ్రిగోరిస్ ఫోన్ చేశాడు. నేను పారిపోయిన సంగతి ఆయనకెలా తెలిసిందో దేవుడికే తెలియాలి. భయపడకు అని నీకు నేనెలా చెప్పనురా పరస్కేవాస్, సూది చూస్తేనే నాకు కళ్లు తిరుగుతాయి అన్నాడు. ప్రభువుకి మాత్రం భయం వెయ్యలేదా, సిలువకి ముందు రాత్రి ఆ తోటలో చెమటలు కక్కలేదా, వద్దు నాయనా అని అడగలేదా, నువ్వూ అడుగు, అడిగి వెళ్లు అన్నాడు. ఇంత చెప్పాక, ఆదివారాలు త్రాసోస్ మమ్మల్ని చంపేస్తున్నాడు, తొందరగా వచ్చెయ్ అన్నాడు.

వెళ్లాను. ఒక చిన్న మాత్ర ఇచ్చారు. ఎలాగో అయిపోయింది. ఎలాగో ఏముంది, బజర్ మీద వేలు తియ్యకుండా.

మార్చి 7

కిటుకు దొరికింది! మనసులో సాయంకాలపు ఆరాధన మొత్తం పాడేసుకున్నాను. మొదటి కీర్తన నుంచి, ఒక్క గమకం వదలకుండా. తలుపు మూసిన సంగతి కూడా గమనించలేదు. మధ్యలో స్పీకర్లోంచి ఎరిఫీలీ, తాతయ్యా, ఆ చెయ్యి ఎందుకలా ఆడిస్తున్నారు అంది. తాళం వేస్తున్నానమ్మా అందామంటే నోరు బిగించేసి ఉంది. చెయ్యి నడుము కిందికి తోసేశాను.

రాత్రి చిక్కుడు గింజల సూపు రెండు గిన్నెలు తాగాను.

మార్చి 11, ఈస్టర్ ముందు ఉపవాసాల మొదటి సోమవారం

సెలవు. ఊరంతా కొండెక్కి గాలిపటాలు ఎగరేస్తోంది. హాస్టల్ వంటావిడ నువ్వుల రొట్టె ముక్క, నాలుగు ఆలివ్‌లు గదికే పంపింది. కిటికీ దగ్గర నిలబడి తిన్నాను. రెండు గోడల మధ్య ఉన్న ఆకాశంలోకి ఒక్క గాలిపటమైనా వస్తుందేమోనని చాలాసేపు చూశాను. రాలేదు.

మార్చి 12

నా కిటుకు పోయింది.

పాట మంచి ఊపులో ఉండగా మెషీన్ ఆగింది. అందరూ లోపలికొచ్చారు. పాడుతున్నారా అంది ఎరిఫీలీ. నోరు మూసుకునే ఉన్నానుగా అన్నాను, విప్పాక. మరి మీ గొంతేంటి అలా గెంతుతోంది అని స్క్రీన్ చూపించింది. నిజమే. మనసులో స్వరం పైకెళ్తే గొంతుముడి పైకెళ్తోంది, దిగితే దిగుతోంది. ఇన్నేళ్ల అలవాటు, నా చేతుల్లో ఏముంది?

డాక్టరమ్మ వచ్చింది. కిరణం వెంట్రుకవాసి తప్పినా పడకూడని చోట పడుతుంది, పాట మానెయ్యాలి అంది. మనసులో కూడానా అన్నాను. మనసులో ఏం చేసుకుంటారో మీ ఇష్టం, మీ గొంతుకి తెలియకూడదు అంది.

మాటలతో చేసుకుందామని ప్రయత్నించాను. నాకొచ్చిన ప్రార్థనల్లో స్వరం లేని మాట ఒక్కటీ లేదు. ప్రభువా కరుణించు అన్నా పాటగానే వస్తుంది. అది కూడా తీసేస్తే నా దగ్గర భయం తప్ప ఏం మిగల్లేదు.

మార్చి 13

రెండుసార్లు బజర్ నొక్కాను. సగంలో దించేశారు. రేపు కూడా ఇంతే అయితే సర్జన్‌తో మాట్లాడతాను, ఇలా సగం సగం చేసి లాభం లేదు అంది డాక్టరమ్మ. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

అదే రోజు, సాయంత్రం

గదిలో ఉండలేక పక్క వీధి గుడికి వెళ్లాను. స్తంభం వెనక నిలబడ్డాను. ఇక్కడ నన్నెవరూ ఎరగరు. అదీ మంచిదే.

కుడిపక్క పాడేవాడు కుర్రవాడు. పాడితే పైకప్పు లేచిపోయేటట్టుంది. గమకాల్లో తప్పు వెతికాను, దొరకలేదు. అసూయతో కడుపు మండిపోయింది. వాడి పాట వినకూడదని పట్టుబట్టి చెవిని ఎడమపక్కకి తిప్పాను. అక్కడ శ్రుతి పట్టే లావుపాటాయన ఒకడు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. పుస్తకం కూడా తెరవలేదు. కుర్రవాడు ఎక్కడెక్కడో తిరుగుతున్నాడు, ఈయన ఉన్నచోటే ఉన్నాడు. ఆరాధన అంతసేపూ ఈయన్నే విన్నాను. శ్రుతిని వినడం నా జన్మలో ఇదే మొదలు. పాడేవాడు ఎప్పుడూ దాని మీద నిలబడతాడు, కిందికి చూడడు.

మార్చి 14

బల్ల మీద పడుకున్నాను. తలుపు మూసుకుంది. భయం వచ్చింది. రోజూ వచ్చేదే, ఒక్క గింజ తగ్గలేదు. వేలు బజర్ మీదే ఉంది.

ఇక నా దగ్గర పాటా లేదు, మాటా లేదు. నేను పాడలేను, నువ్వు పాడు అన్నాను క్రీస్తుతో. నువ్వు ఎటు తీసుకెళ్తావో తీసుకెళ్లు, సమాధిలోకైనా సరే. నేను శ్రుతి పట్టుకుంటాను, అంతే. మనసులో ఒకే ఒక్క స్వరం పట్టాను. దానికి పైకెళ్లే పని లేదు, దిగే పని లేదు. శ్రుతి పట్టేవాడు ఇంకో గొంతు కోసమే నిలబడతాడు. ఎవరూ లేకుండా శ్రుతి ఎవరు పడతారు?

వినబడిందా అంటే ఏం చెప్పను. చెవికేమీ వినబడలేదు, మెషీన్ గుర్రుమనడం తప్ప. కానీ ఆ గదిలో నేను ఒక్కణ్ణే లేను. ఇది నాకు తెలుసు, నా పేరు తెలిసినట్టు. ఏడ్చాను. నీళ్లు మాస్క్ లోపలే చెవుల్లోకి కారాయి. వేలు కదల్లేదు.

ఎరిఫీలీ వచ్చి విప్పుతూ, ఇవాళ గొంతు బొమ్మలా ఉంది తాతయ్యా, ఏం చేశారు అంది. ఎడమపక్కకి మారానమ్మా అన్నాను. మాత్ర ఎక్కువైందనుకుంది.

మార్చి 25

మేరీమాత పండగ. అందరికీ కాడ్ చేప, వెల్లుల్లి ముద్ద. నేను నీళ్లు మింగినా నిప్పులు మింగినట్టుంది. మెడ మీద తోలు ఎర్రబడింది. మాట కీచుమంటోంది. ఇక మాట్లాడొద్దని డాక్టరమ్మ ఆర్డర్. సైగలు, గుసగుసలు అంతే.

భయం రోజూ వస్తోంది. దానికి చోటిస్తున్నాను, పక్కకి జరిగి.

ఏప్రిల్ 3

ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవరూ ఫోన్ చెయ్యలేదు. వర్షం.

ఏప్రిల్ 11

వెయిటింగ్ రూములోకి కొత్తావిడ వచ్చింది. పొలిక్సేనీ. ద్రామా ఊరి పక్క పల్లె, పొగాకు పొలాలు. తలలో ట్యూమర్. మొగుడు పోయాడు, వెంట ఎవరూ లేరు, తెల్లారి బస్సుకి వచ్చింది. కూర్చున్న ఐదు నిమిషాల్లో అందర్నీ నవ్వించింది. నా మొహానికి అచ్చు తీసి ఏం చేసుకుంటారయ్యా వీళ్లు, ఈస్టర్ కేకులు పోస్తారా, జనం దడుసుకోరూ అంది. నీకేమైంది, నీ గొంతు పిల్లి ఎత్తుకెళ్లిందా అని నన్నడిగింది. సైగ చేశాను. ఓహో, మాట్లాడని మగవాడు, నీలాంటివాడు దొరక్కే నా బతుకిలా అయింది అంది.

ఏప్రిల్ 16

ఆవిడకి ఇవాళ మొదటిరోజు. అరుపు ఆ తలుపులోంచి కూడా బయటికొచ్చింది. తెచ్చి నా పక్కన కూర్చోబెట్టారు. జోకుల్లేవు. తలగుడ్డ ముడి విప్పి కట్టి, విప్పి కట్టి. నువ్వెలా పడుకుంటావయ్యా అక్కడ అంది.

గుసగుసగా చెప్పాను, శ్రుతి సంగతి. అంతా విని, నువ్వు గుళ్లో పుట్టిపెరిగినవాడివి, నేను ఈస్టర్‌కి ఎర్రగుడ్డు తెచ్చుకోడానికి వెళ్లే మనిషిని, నేను పిలిస్తే ఎవరొస్తారు, నాకు మెషీన్ తప్ప ఏం వినబడలేదు అంది. రేపట్నుంచి రాను, పొలంలోనే పోతాను అంది.

బస్టాపు దాకా ఆవిడ బ్యాగు మోశాను.

ఏప్రిల్ 17

ఆవిడ వచ్చింది. మళ్లీ అరుపు. మళ్లీ దించేశారు. రేపొక్కసారి చూస్తారట.

ఏప్రిల్ 18, గురువారం

నాకు ఆఖరిరోజు. విప్పాక ఎరిఫీలీ నన్ను వాటేసుకుంది. నా తర్వాత పొలిక్సేనీ. మొహం సున్నం కొట్టినట్టుంది. బ్యాగు పట్టుకుని వెళ్లిపోవలసినవాణ్ణి, వెళ్లలేదు. ఎరిఫీలీ చెయ్యి పట్టుకుని మైకు వైపు చూపించాను. మీకు మాట్లాడొద్దన్నారు కదా తాతయ్యా అంది. దణ్ణం పెట్టాను. తలుపు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, కుర్చీ లాగింది.

స్క్రీన్ మీద ఆవిడ వేళ్లు దుప్పటిని పీకుతున్నాయి. మైకు దగ్గర నోరు తెరిచి శ్రుతి పట్టాను. వచ్చింది స్వరమని ఎవరూ అనరు. తుప్పు పట్టిన గేటు. సిగ్గుతో ఆపేద్దామనుకున్నాను. ఒకప్పుడు నా గొంతు వినడానికి పక్క ఊళ్లనుంచి వచ్చేవాళ్లు. కానీ ఆవిడ వేళ్లు ఆగాయి. ఇక ఆపలేదు. ఊపిరి పీల్చినప్పుడు తప్ప ఆపలేదు. గొంతులో ఏదో చీరుకుపోతున్నట్టుంది, అయినా పట్టుకున్నాను. మెషీన్ ఆవిడ చుట్టూ తిరిగింది, ఆగింది.

ఆవిడ బయటికొచ్చింది. మొహం నిండా వల గుర్తులు. అంత దరిద్రపు గొంతు నా జన్మలో వినలేదయ్యా, రేపు కూడా వస్తావా అంది.

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. రానని తల అడ్డంగా ఊపాను. వేలు పైకి చూపించాను. ఆయనొస్తాడా అంది. అవునని సైగ చేశాను. నీకంటే బాగా పాడతాడా మరి అంది.

డాక్టరమ్మకి తెలిసిపోయింది. ఎవరు పాడమన్నారు మిమ్మల్ని అని కేకలేసింది. పాడలేదు, శ్రుతి పట్టానంతే అని కాగితం మీద రాసి ఇచ్చాను.

ఏప్రిల్ 19

ఎరిఫీలీ మెసేజ్ పెట్టింది. పొలిక్సేనీ పడుకుందట. బజర్ రెండుసార్లు నొక్కిందట, కానీ చివరిదాకా పడుకుందట.

ఏప్రిల్ 20, లాజరు శనివారం. ఇంటికెళ్లే ఓడ మీద

గొంతు వస్తుందో రాదో నెలలు గడిస్తేగాని తెలియదట. భయంగా ఉందా అని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. ఉంది. డెక్ మీద ఎవరూ లేరు. ఆయన పాడుతున్నాడు.