గురువారాలకు పెరడు కావాలి

మే 9, గురువారం

స్టాన్, ఫిలిస్ ఇల్లు అమ్మేశారట. ఆ మాట చెప్పడానికి వాళ్లకు నేను సంచి విసరబోయే క్షణమే దొరికింది. నా సంచి వెళ్లి ఫిలిస్ గులాబీ మొక్కలో పడింది. మళ్లీ విసురుతానని నేను, కుదరదని స్టాన్. ఇల్లమ్మిన మనిషికి ఇంకా రూల్సు!

మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేకపోతున్నాం, కాండో ఫ్లాట్‌కి మారిపోతున్నాం అని ఫిలిస్ అంది. సరే, మోకాళ్లు వాళ్లవి. కానీ పెరడు? పదేళ్లుగా ప్రతి గురువారం సాయంత్రం మేం నలుగురం సంచులు విసిరే కార్న్‌హోల్ ఆట ఆడుతున్నది ఆ పెరట్లోనే. ఆ రెండు బోర్డులను కదిపిన పాపాన ఎవరూ పోలేదు. చలికాలంలో కూడా టార్పాలిన్ కప్పుకుని అక్కడే పడుకుంటాయి.

ఆగీ బావ వరసగా నాలుగు సంచులూ కన్నంలో వేసి, ట్రక్కెక్కి వెళ్లిపోయాడు. మా బెర్నీ అక్క పోయాక ఆయన వారం మొత్తం ఎదురుచూసేది ఈ ఒక్క సాయంత్రం కోసమే. స్టాన్‌కి ఆ సంగతి తెలియదా?

మే 16, గురువారం

కాండో వెనక పచ్చిక ఉందని ఫిలిస్ ఊరించింది. వెళ్లాం. మొదటి సంచి బోర్డు మీద ధబ్బున పడగానే ఒక కిటికీ తెరుచుకుంది. రెండోదానికి ఇంకోటి. మూడోదానికి మేనేజరమ్మ ఇంటి చెప్పులతోనే వచ్చేసింది. ఇక్కడ విసిరే ఆటలు ఆడకూడదట.

"విసరకూడదా? పోనీ, దొర్లించొచ్చా?" అని బావ అడిగాడు.

ఆవిడ నవ్వలేదు.

మే 17

కావలసింది కాస్త చదును నేల. మొక్కజొన్న గింజలు కుట్టిన సంచిని అవతలి వాలు చెక్కకున్న కన్నంలోకి విసరడమేగా ఆట! దానికింత వేటా?

మే 23, గురువారం

మా పెరట్లో పెట్టాం. సిన్సినాటి పడమటి కొండ మీద ఇల్లు కొన్నప్పుడు వ్యూ బాగుందని మురిసిపోయాను. వ్యూ అంటే వాలు. బోర్డు దాటిన సంచి ప్రతిదీ దొర్లుకుంటూ కింది వాగు దాకా పోయింది. తెచ్చేది ఎవరు? నేనే.

విచిత్రం ఏమిటంటే ఆగీ బావ ఒక్క సంచి కూడా వేయలేకపోయాడు. బోర్డు వంకరగా ఉందన్నాడు. స్టాన్ లెవెల్ పెట్టి చూశాడు, సరిగ్గానే ఉంది. అయితే నేల వంకర అన్నాడు. అదొక్కటీ నిజం.

మే 30, గురువారం

బీరు తయారుచేసే బ్రూవరీ. స్టాన్ ఐడియా. పాత గోడౌన్‌లో వరసగా బోర్డులు, గంటకింత అద్దె, చెవులు చిల్లులు పడే పాటలు. పక్క లేన్‌లో గడ్డాల కుర్రాళ్లు విసిరే ముందు చేతికి పౌడరు రాసుకుంటున్నారు. పౌడరు! మా నాన్న ఈ ఆట ఒక చేత్తో సాసేజ్ శాండ్‌విచ్ పట్టుకుని ఆడేవాడు.

బావ మొదటి సంచి సరాసరి ఆ కుర్రాళ్ల బీరు జగ్గులో పడింది. జగ్గు పగల్లేదు. బీరు మాత్రం వాళ్ల గడ్డాలన్నిటికీ సమానంగా అందింది. నేను క్షమాపణలు చెప్పుకుంటుంటే బావ మాత్రం, ఇది గుహలా ఉంది, లైట్లు లేవు, బోర్డు రంగూ నేల రంగూ ఒకటే, ఏ మూర్ఖుడు కట్టాడు అంటూ అరుపు.

ఇంకో జగ్గు మేమే కొనిచ్చాం. ఇంటికొచ్చి ఆస్పిరిన్ వేసుకున్నాను.

జూన్ 6, గురువారం

నది ఒడ్డు పార్కు. వెలుతురు కావాలన్నాడుగా, ఆకాశమంత వెలుతురు. చదును సిమెంటు. గాలి లేదు. కిటికీలు లేవు. గడ్డాలు లేవు.

ఎండ కళ్లల్లో పడుతోందట.

వైపు మార్చాం. ఇప్పుడు నీళ్ల మీద మెరుపట. మూడు సంచులు బోర్డుకి రెండు గజాల అవతల పడ్డాయి. స్టాన్ ముఖం ఎర్రబడటం చూస్తూనే ఉన్నాను, ఆపలేకపోయాను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస, ఆగీ. పెరడు అమ్మానని నామీద కసి తీర్చుకుంటున్నావు. ఉన్న మాట చెప్పు!"

బావ చేతిలోని సంచిని మెల్లగా బోర్డు మీద పెట్టి, నన్ను ఇంటికి దింపుతానన్నాడు. ఇద్దరి మీదా ఒళ్లు మండిపోయింది. అరవై దాటిన మగవాళ్లు, ఒక గింజల సంచి కోసం!

జూన్ 10

ఫిలిస్ ఫోన్ చేసింది. స్టాన్ సారీ చెప్పడట, కానీ వస్తాడట. బావకి ఫోన్ చేశాను. సారీ అవసరం లేదట, కానీ రాడట. అరగంట బతిమాలాను. వస్తానన్నాడు. పొద్దంతా పళ్ల డాక్టర్ కెసింగర్ క్లినిక్‌లో పంటి నొప్పులవాళ్లకు నచ్చజెప్పడం, సాయంత్రం వీళ్లకు. జీతం మాత్రం పళ్లకే.

జూన్ 13, గురువారం, సాయంత్రం

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. అయినా రాస్తాను.

చర్చి వెనక పార్కింగ్ స్థలంలో ఆడుకోమని ఫాదర్ ఒప్పుకున్నారు. బోర్డులు ముందుగా పెడదామని నేనూ బావా ట్రక్కులో బయల్దేరాం. మూలమీద స్టాప్ గుర్తు దగ్గర ఆయన ఆగలేదు. ఒక ఆవిడ కుక్కను పట్టుకుని రోడ్డు దాటుతోంది. నేను అరిచిన అరుపుకి బ్రేకు పడింది. ఆవిడ చెయ్యి మా బానెట్ మీద ఉంది. అంత దగ్గర.

"చూశాన్లే" అన్నాడు.

చూడలేదు. ఆయన ఎటు చూస్తున్నాడో పక్కనుంచి నాకు కనిపించింది.

పార్కింగ్‌లో బోర్డులు దింపాక ఆయనను గీత దగ్గర నిలబెట్టాను. నేను అవతలి బోర్డు ముందు నిలబడి రెండు చేతులూ పైకెత్తాను.

"బావా, నేనేం చేస్తున్నాను?"

"నిలబడ్డావు. ఇదేం ప్రశ్న?"

"చేతులతో ఏం చేస్తున్నాను?"

ముందు సూటిగా చూశాడు. తర్వాత తల పక్కకి తిప్పి, కోడి చూసినట్టు ఓరగా చూసి, "ఎత్తావు" అన్నాడు.

రెండు కళ్లకీ నడిమి చూపు పోయిందట. చుట్టూ అంచులు కనిపిస్తాయి, మధ్యలో ఏమీ ఉండదు. కంటి డాక్టరు నిరుడే చెప్పాడట, ఇక తిరిగి రాదని. స్టాన్ పెరట్లో ఇటుక అంచుకి బూటు ఆనించి విసిరితే చాలు, భుజానికి దారి తెలుసు. మిగతా ఎక్కడా తెలియదు.

"ఎటు చూస్తే అటే కన్నం, లోర్నా. వేయడానికి మాత్రం ఒక్కటీ దొరకదు" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. తాళాలు ఇమ్మన్నాను. ఇవ్వనన్నాడు. ఆ కుక్క ఆవిడ సంగతేంటన్నాను. దాంతో నవ్వు పోయింది.

"ట్రక్కు కూడా తీసేసుకుంటే నాకింకేం మిగులుతుందే? మీ అక్క లేదు. ఇంట్లో టీవీ ఉంది. అదీ మధ్యలో కనిపించదు."

చివరికి బేరం కుదిరింది. తాళాలు నాకు. నేను ఎవరికీ చెప్పకూడదు, ముఖ్యంగా స్టాన్‌కి. ఆయన ట్రక్కు నేనే నడిపి ఆయన్ను ఇంట్లో దింపాను. స్టాన్, ఫిలిస్ వచ్చేసరికి బోర్డులున్నాయి, మేం లేము.

జూన్ 14

తాళాలు బ్రెడ్ డబ్బాలో దాచాను. ఎందుకు దాచానో తెలియదు. దొంగిలించినట్టుంది.

జూన్ 20, గురువారం

ఆట లేదు. బావకి జలుబని స్టాన్‌తో అబద్ధం చెప్పాను. జూన్‌లో జలుబేమిటన్నాడు. పౌరుషానికి మందు లేదన్నాడు. నోటిదాకా వచ్చింది, మింగాను. ఆ ముసలాడికి మాటిచ్చిన నా నోటికి తాళం వేయాల్సింది.

జూన్ 23, ఆదివారం

హార్డ్‌వేర్ షాపు ముందు ఆగీ బావ ట్రక్కు!!

రెండో తాళం ఉందట. మేకులు కావాలట. మెల్లగానే వచ్చాడట. పార్కింగ్‌లో అందరూ చూస్తుండగా అరిచాను. చర్చి నుంచి వస్తున్న జనం అంతా ఆగారు. ఆగనీ. బేరం నువ్వే తప్పావు బావా, ఇక నేనూ తప్పుతానని అక్కడే స్టాన్‌కి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను.

జూన్ 24

స్టాన్ పొద్దున్నే బావ ఇంటికి వెళ్లాడట. ఫిలిస్ చెప్పింది. ఇద్దరూ వీధికి వినబడేట్టు తిట్టుకున్నారట. మద్దెల మాట అన్నందుకు స్టాన్ ఏడ్చాడట, ఏడవడమెందుకని బావ మళ్లీ తిట్టాడట. రెండో తాళం స్టాన్ జేబులోకి వచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ గుడ్లూ, గెట్టా మాంసం ముక్కలూ వేయించుకుని తిన్నారట.

నా ఫోన్ మాత్రం బావ ఎత్తడం లేదు. తిన్నది వాళ్లు, దోషిని నేను.

జూలై 1

స్టాన్ తన పాత ఇంటికి వెళ్లి, గురువారాలు పెరడు వాడుకోనిస్తారా అని అడిగాడు. కొత్తవాళ్లు మంచివాళ్లే. లోపలికి పిలిచి చూపించారట. పెరడంతా ఈతకొలను తవ్వేశారు. బోర్డులుండే చోట మెట్లు.

బావకి ఆ కబురు నేనే చెప్పాలట. ఎందుకు ఎప్పుడూ నేనే?

వెళ్లి చెప్పాను. తలుపు తీశాడు. "ఈత కూడా నాకు రాదు" అన్నాడు. అంటే మాట్లాడుతున్నాడన్నమాట.

జూలై 11, గురువారం

మా క్లినిక్ వెనక పార్కింగ్. సాయంత్రం ఒక్క కారు ఉండదు. చదును, సిమెంటు, చెత్త డబ్బా. ఇన్నాళ్లూ రోజూ కారు పెట్టుకునే చోటు నాకెందుకు తట్టలేదో. డాక్టర్ కెసింగర్‌ని అడిగితే, పళ్లు విరగ్గొట్టుకోకుండా ఆడుకోండి, విరిగితే ఎటూ ఇక్కడే ఉన్నారు అన్నాడు.

బావని నేనే తీసుకొచ్చాను. దిగడానికే పావుగంట. జాలి ఆట ఆడను అన్నాడు. జాలా? నీమీదా? అని స్టాన్ వెళ్లి అవతలి బోర్డు వెనక నిలబడి, కన్నం పక్కన చెక్క మీద కొట్టాడు. టక్, టక్.

"ఇటు! ఇక్కడ, ఆగీ, ఇక్కడ!"

"గుడ్డివాణ్ణి, చెవిటివాణ్ణి కాదు! అరవకు!"

మొదటి సంచి స్టాన్ మోకాలికి తగిలింది. రెండోది పొట్టకి. మూడోది ఎక్కడికో పోయింది. సరిగ్గా విసరరా అని స్టాన్, సరిగ్గా కొట్టరా అని బావ. ఇద్దరూ చిన్నపిల్లల్లా పోట్లాడుకుంటుంటే, నేనూ ఫిలిస్ చెత్త డబ్బాకి ఆనుకుని చిప్స్ తిన్నాం. ఒక్కటీ కన్నంలో పడలేదు. చివరికి ఒకటి బోర్డు మీద నిలిచింది. ఆ ధబ్‌మన్న చప్పుడు వినగానే బావ మెడ పక్కకి వాల్చి అలాగే ఉండిపోయాడు.

వెళ్తూ, స్టాన్ కొట్టేది మరీ కుడివైపు ఉంది, వచ్చే వారం ఫిలిస్ కొట్టాలి అన్నాడు. ఇక్కడా వంకే. హాయిగా తిట్టుకున్నాను.

జూలై 25, గురువారం

నేనూ కళ్లు మూసుకుని ఒక్కటి విసిరాను. బోర్డు మీద ధబ్‌మన్న చప్పుడు వినబడలేదు. కన్నంలోనే పడిందని ఆగీ బావ అన్నాడు. నీకెలా తెలుసని అడగలేదు. కళ్లు కూడా వెంటనే తెరవలేదు.