సోమమ్మ టాకీస్

తార్నాక,
20 ఆగస్టు 1967

ప్రియమైన రాహేలుకు,

వందనాలు. నువ్వూ, మన ఏస్తేరూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ వానలు పట్టుకున్నాయి. గది రెండుచోట్ల కారుతోంది. ఒకచోట బకెట్టు, ఇంకోచోట గంజిగిన్నె పెట్టాను. వాటి మధ్య మంచం వేసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

దానయ్య సంగతి రాయకూడదనే కూర్చున్నాను. కానీ తార్నాకలో వేరే మాట వినపడటం లేదు. షాద్‌నగర్ నుంచి ఇద్దరం ఒకే రైల్లో వచ్చి కాచిగూడలో దిగినవాళ్లం. గోల్నాకలో ఒక్క గదిలో ఆరేళ్లు ఉన్నవాళ్లం. నేను బి.ఏ. చదివి యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలకు కార్డులు రాస్తున్నాను. ఏడో క్లాసు తప్పిన దానయ్య ప్లాట్లు అమ్ముతున్నాడు!

బండలూ సీతాఫలం పొదలూ తప్ప ఏమీ లేని ఏడెకరాలకు ఒక నవాబు కొడుక్కు బయానా ఇచ్చాడు. ప్లాట్లకు గీతలు గీయడానికి ముందే బావి తవ్వించాడు. నీళ్లు పడ్డాక, చూడటానికి వచ్చిన ఆడవాళ్లందరికీ చెంబుతో అందిస్తాడు. “భూమి కొనేటోళ్లకు మట్టి సూపియ్యొద్దు బావా, నీళ్లు సూపియ్యాలె” అని నాకు పాఠం చెప్పాడు. నెలన్నరలో సగం ప్లాట్లు అయిపోయాయి.

నిన్న ఎకనామిక్స్ లెక్చరర్ పార్థసారథిగారు లైబ్రరీకి వచ్చారు. నాలుగేళ్లుగా ఆయన అడిగిన పుస్తకం వెతికి చేతికిస్తున్నాను, నా పేరు ఎన్నడూ అడగలేదు. నిన్న మాత్రం “సామేలుగారూ, దానయ్యగారు మీకు బాగా కావలసినవారటగా! తూర్పుముఖం ప్లాటు ఒకటి మాకిప్పించకూడదూ?” అన్నారు. నాకు దొరికిన ‘గారు’ కూడా దానయ్య వల్ల దొరికిందే.

ఏస్తేరుకు ముద్దులు.

నీ
సామేలు


మెదక్,
4 సెప్టెంబరు 1967

ఏస్తేరు నాయనకు,

ప్రేమతో మీ రాహేలు వందనాలు చెప్పి రాయునది. పిల్ల బాగుంది. ఆస్పత్రిలో నా వార్డులో తట్టు పోసిన పిల్లలు ఎక్కువయ్యారు, అందుకే జవాబు ఆలస్యమైంది. గది కారుతుంటే ఇంటాయనను అడగండి. నాకు రాస్తే ఆగుతుందా?

దానయ్యన్న మొన్న ఇక్కడికి వచ్చాడు. జాతరలకు తిరిగే డేరా సినిమా ఒకటి అమ్మకానికి ఉందట, మిషనూ, గుడారమూ, రెండెడ్ల బండీ కలిపి. కొనేశాడు. ఏస్తేరును తీసుకెళ్లి మిషను చూపించాడు. వెలుతురులో చెయ్యి పెడితే తెర మీద అంత పెద్ద చెయ్యి కనపడిందని పిల్ల ఇప్పటికీ గోడలన్నిటి మీదా చేతులాడిస్తోంది. “దానయ్య మామ ఎప్పుడొస్తడు?” అని అడుగుతోంది.

ఇంకో మాట. మీకు ఒక ప్లాటు అట్టే పెడతానన్నాడట, నెలనెలా ఇంత అని ఇచ్చుకోవచ్చన్నాడట. మీరు వద్దన్నారట. నాకెందుకు చెప్పలేదు?

మీ
రాహేలు


తార్నాక,
14 జనవరి 1968

ప్రియమైన రాహేలుకు,

వద్దన్న మాట నిజమే. అందరికీ అమ్మినట్టు నాకూ అమ్మితే కొనేవాడినేమో. బండ మీద కాలు పెట్టి, గొడుగు పట్టుకుని, “బావా, నీకు నచ్చింది సూసుకో, పైసల సంగతి తర్వాత” అన్నాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. ఆ జాలి నాకు మింగుడుపడలేదు.

దసరాకు చిట్టీల కంపెనీ కూడా పెట్టాడు. నెలనెలా అందరూ కొంత వేస్తారు, అవసరమున్నవాళ్లు పాట పాడి ఆ నెల మొత్తం ఎత్తుకుంటారు. బజారులో మెట్లున్న గది తీసుకుని బల్ల వేశాడు. పార్థసారథిగారూ, అమ్మాయిల హాస్టల్లో ఊడ్చే రాములవ్వా ఒకే బెంచీ మీద కూర్చుని వంతు కోసం చూస్తున్నారు. యూనివర్సిటీ ఇన్నేళ్లలో చేయలేని పని అది!

నువ్వు పంపిన ఫోటో అందింది. ఏస్తేరు బాగుంది. ఆ జరీ గౌను ఎవరు తెచ్చారో అడగక్కర్లేదు. ఫోటో పెట్టె అడుగున పెట్టాను. నా పిల్లను చూద్దామంటే ముందు ఆ గౌనే కనపడుతోంది.

డేరా చూసుకోవడానికి అతనికి మనుషులు లేరా? నెలనెలా తనే మెదక్ ఎందుకు వస్తున్నాడు? వచ్చినప్పుడల్లా మీ ఇంటికి రావలసిన పనేమిటి?

నీ
సామేలు


మెదక్,
2 ఫిబ్రవరి 1968

ఏస్తేరు నాయనకు,

మీ ఉత్తరం చదివి వెంటనే రాస్తే ఏమి రాసేదాన్నో, అందుకే ఇన్ని రోజులు ఆగాను.

అడగదలచుకున్నది సూటిగా అడగండి. “ఏమిటి”, “ఎందుకు” అని అంచుల వెంట నడవకండి. మన పెళ్లినాడు గుడి ముందర పందిరి వేసింది ఎవరు? నాకు తోడబుట్టినవాడు లేడని, అన్న ఇవ్వాల్సిన చీర తెచ్చి పెట్టింది ఎవరు? ఆ మనిషి నన్ను “చెల్లె” అని పిలుస్తాడు. అది ఉత్త మాట కాదని మీకూ తెలుసు.

మొన్న వచ్చినప్పుడు “బావ నాతోని సక్కగ మాట్లాడుతలేడు, నేనేం తప్పు జేసిన్నో అడుగు చెల్లె” అన్నాడు. పని ఎక్కువై ఉంటుందని సర్దిచెప్పాను.

అతను ఎదిగితే మీరు తగ్గిపోయారా? మీ అక్షరం చూసి మీ లైబ్రరీ పెద్దాయన మెచ్చుకున్నాడని రాసినప్పుడు ఆస్పత్రిలో అందరికీ చదివి వినిపించాను. అలా రాసిన మనిషి ఎక్కడికి పోయాడు? మీ కడుపులో మంట నా ఇంట్లోకి తేకండి.

మీ
రాహేలు


తార్నాక,
9 జూన్ 1968

ప్రియమైన రాహేలుకు,

వేసవిలో వచ్చి నాలుగు రోజులున్నాను కదా, అప్పుడే క్షమించమని అడగవలసింది. నోరు రాలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

దానయ్య సినిమా హాలు కడుతున్నాడు. హబ్సిగూడ వైపు రోడ్డు మీదే. ఊళ్లో చనిపోయిన వాళ్లమ్మ పేరు పెట్టాడు, సోమమ్మ టాకీస్. రాజావారి పేరో, దేవుడి పేరో పెట్టమని అందరూ చెప్పారట. “మా అవ్వ సచ్చేదాంక ఒక్క సినిమా సూడలే. ఆమె పేరే ఉంటది” అన్నాడట. ఆ మాట విని లైబ్రరీలో అందరూ ఆహా అన్నారు. నాకూ అమ్మ ఉండేది. ఆమె పేరు ఎక్కడ పెట్టను? పుస్తకాల కార్డు మీదా?

నిన్న నన్ను పిలిచి హాలంతా తిప్పి చూపించాడు. చివర భుజం మీద చెయ్యి వేసి, “బావా, మొదటి ఆటకు మొదటి టికెట్టు నీ చేతనే చింపిస్త” అన్నాడు. సరే అని వచ్చేశాను. దారి పొడుగునా అదే మాట మనసులో నలిగింది. బి.ఏ. చదివినవాడు గేటు దగ్గర నిలబడి టికెట్లు చింపాలన్నమాట!

ఇక అతని సంగతి రాయను.

నీ
సామేలు


తార్నాక,
21 జులై 1968

ప్రియమైన రాహేలుకు,

రాయనన్నాను గాని రాయక తప్పలేదు. ఇక్కడ పెద్ద గొడవగా ఉంది.

ఎవరో ఆకాశరామన్న దానయ్య మీద ఉత్తరాలు రాశాడట. ఒకటి సినిమా హాలుకు లైసెన్సు ఇచ్చే కచేరీకి, మూడు చిట్టీ వేసినవాళ్లకు. “పేదల చిట్టీ సొమ్ము సినిమా గోడల్లో కలిసిపోయింది. రేపు హాలు మూతపడితే మీరంతా ఆ గోడలను నాకవలసిందే” అని రాశాడట. నేను చూడలేదు, విన్నాను.

లైసెన్సు ఆపేశారు. వారం తిరగకుండా చిట్టీ వేసినవాళ్లంతా ఆఫీసు ముందుకు వచ్చారు, మా డబ్బు మాకివ్వమని. పార్థసారథిగారు అంత మెత్తని మనిషి, బల్ల గుద్ది అరిచారు. రాములవ్వ మాత్రం అరవలేదు. మెట్ల మీద కూర్చుని “గా పైసలు నా బిడ్డ పురుడుకు రా దానయ్యా” అని మాటిమాటికీ అంటోంది. దానయ్య అందరికీ చేతులు జోడిస్తున్నాడు.

నేను రోడ్డుకు అవతల నిలబడి చూశాను. కొంచెంసేపు బాగానే అనిపించింది, అబద్ధం చెప్పను. తర్వాత రాములవ్వ వైపు చూడలేకపోయాను.

నీ
సామేలు


మెదక్,
11 ఆగస్టు 1968

ఏస్తేరు నాయనకు,

గురువారం దానయ్యన్న వచ్చాడు. ఇదివరకటి మనిషి కాడు, చొక్కా వదులైపోయింది. పిల్ల ఎగిరి మీద పడితే ఎత్తుకున్నాడు గాని నవ్వలేదు. నేను పెట్టిన అన్నం తిన్నాక జేబులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు.

“చెల్లె, ఈ దస్తూరి ఎవలదో జెప్తవా?” అన్నాడు.

చదవనక్కర్లేకపోయింది. ఏడేళ్లుగా నెలకు రెండుసార్లు నా ఇంటికి వచ్చే అక్షరాలవి. ఎడమచేత్తో రాసినట్టు వంకర తిప్పారు. కానీ మాట మాటకూ మధ్య మీరు వదిలే జాగా అలాగే ఉంది. ఉత్తరం చూడలేదని నాకు రాశారు, అందులో ఉన్న మాట పొల్లు పోకుండా ఎలా రాశారు?

“తెల్వదన్నా” అన్నాను. ఆ మనిషి ముందు నేనాడిన మొదటి అబద్ధం అది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మీరు ఎన్నిసార్లు అడిగినా నేను సూటిగా చెప్పని సంగతి ఒకటుంది. అతను నెలనెలా మా ఇంటికి వచ్చింది నా చిట్టీ కోసం. పోయిన దసరా నుంచి వేస్తున్నాను. మీరు వద్దన్న ఆ ప్లాటు నా జీతంతో కొందామని. చెబితే మీరు ఒప్పుకోరని దాచాను. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. మీ తప్పు మీరు ఒప్పుకోవాలి, నాకు కాదు, అతనికి. అంతవరకు నాకు ఉత్తరం రాయకండి, ఇక్కడికి రాకండి.

రాహేలు


తార్నాక,
15 సెప్టెంబరు 1968

ప్రియమైన రాహేలుకు,

నెల దాటింది. నువ్వు చెప్పిన పని చేశాకే రాస్తున్నాను.

ఉత్తరం అందిన రోజే వెళ్లానని రాస్తే బాగుండేది. వెళ్లలేదు. పదిహేను రోజులు అతని వీధి చివరిదాకా పోయి తిరిగి వచ్చాను. చివరికి ఒక ఉదయం లోపలికి వెళ్లాను. ఇంట్లో సామానంతా వాకిట్లో ఉంది. దానయ్య ఒక్కడే బీరువాకు తాడు కడుతున్నాడు.

“ఆ ఉత్తరాలు రాసింది నేనే” అన్నాను.

అతను ముడి పూర్తిగా బిగించాక నా వైపు తిరిగాడు. “ఎరుకే. చెల్లె తెల్వదన్నప్పుడే సమజైంది. ఆమెకు అబద్ధమాడుడు రాదు. గని ఒక్క ముచ్చట నాకు ఇప్పటిదాంక సమజ్ గాలే. చిట్టీ పైసలు నేను హాల్ల పెట్టిన సంగతి నీకెవలు జెప్పిన్రు?”

నాకు అర్థం కాలేదు. “ఎవరూ చెప్పలేదు. నోటికొచ్చింది రాసిన. అబద్ధమనుకొనే రాసిన” అన్నాను.

రాహేలూ, అతను నేల మీద కూర్చుండిపోయాడు. “అది నిజం రా” అన్నాడు. “స్లాబుకు పైసలు తక్కువైనయి. ఒక్క నెలకని తీసిన. హాలు నడిస్తే మళ్ల పెడ్త అనుకున్న. ఇంకో నెల తీసిన. నీ ఉత్తరం రాకపోతే మూడో నెల గూడ తీస్తుంటి. అప్పుడు ఇల్లమ్మినా తీరకపోవు.” మళ్లీ తాడు చేతికి తీసుకుని అన్నాడు: “నాకు మేలు జేసినవని నీకు మొక్కుతలేను. నువ్వు జేసింది మేలు గాదు.”

అది నాకూ తెలుసు. నేను అబద్ధం అనుకునే రాశాను. అది నిజమైనంత మాత్రాన నా పాపం తగ్గదు.

పూర్తికాని హాలును కాచిగూడ వ్యాపారి ఒకతను కొన్నాడు. ఇల్లు పోయింది, మిగిలిన ప్లాట్లూ పోయాయి. పోయిన ఆదివారం పొద్దున అందరినీ ఆఫీసు దగ్గరకు రమ్మన్నాడు. మెట్ల మీద నిలబడి, “మీ పైసలు నేనే తీసిన. మిమ్మల్ని అడగకుండ తీసిన. ఇయ్యాల్టికి అందరియి ఒచ్చినయి, తీస్కోండ్రి” అన్నాడు. మొదట రాములవ్వను పిలిచాడు. నీ వంతు కూడా ఉంది, తనే మెదక్ తెచ్చి ఇస్తానన్నాడు.

నీకు నిజం చెబుతాను. అప్పుడు కూడా నాకు అసూయే కలిగింది. ప్లాట్లు చూసి కాదు, హాలు చూసి కాదు. అన్నీ పోగొట్టుకున్న మనిషి అంతమంది ముందు తన తప్పు తన నోటితో, తల ఎత్తి చెప్పాడు. చదువుకున్నవాణ్ణి, నాలుగు కాగితాలు రాసి ఒక్కదాని కింద పేరు పెట్టలేకపోయాను. ఆ అసూయ నన్ను నిలబడనివ్వలేదు. రోడ్డు దాటి నేనూ మెట్లెక్కాను.

“ఆకాశరామన్న ఎవరో కాదు. నేను. నా పేరు సామేలు, లైబ్రరీలో పని చేస్తాను. ఈయన స్నేహితుణ్ణి. ఈయన బాగుపడుతున్నాడని ఓర్వలేక రాశాను” అన్నాను.

ఎవరూ కొట్టలేదు. కొట్టినా బాగుండేది. పార్థసారథిగారు నన్ను పాము చుట్టను చూసినట్టు చూసి వెళ్లిపోయారు. ఇప్పుడు లైబ్రరీలో ఇంకో గుమాస్తా చేతినుంచే పుస్తకం తీసుకుంటున్నారు. రాములవ్వ మాత్రం పైసలు కొంగున ముడేసుకుంటూ, “నిజమే రాస్తివి గదరా, మరి దొంగోని లెక్క ఎందుకు రాస్తివి?” అంది.

దానయ్యకు మిగిలింది ఆ డేరా సినిమా ఒక్కటే. నిన్న మెదక్ బయలుదేరాడు. బస్సు దగ్గర ట్రంకు పెట్టె పైకి అందించబోయాను. పట్టనివ్వలేదు, తనే ఎత్తుకున్నాడు. “పోయొస్త సామేలూ” అన్నాడు. బావా అనలేదు.

అతను వస్తే అన్నం పెట్టు. నా గురించి ఏమన్నాడో నాకు రాయనక్కర్లేదు.

వచ్చే శుక్రవారం సెలవు పెట్టాను. మధ్యాహ్నం బస్సుకు వస్తాను. నీకు ఇష్టమైతే తలుపు తియ్యి. లేకపోతే ఆస్పత్రి వరండాలో కూర్చుంటాను, పిల్లను ఒకసారి బయటికి పంపించు. దాన్ని చూసుకుని సాయంత్రం బస్సుకు తిరిగి వెళతాను. మళ్లీ వచ్చే నెల వస్తాను. ఆ పై నెల కూడా.

నీ
సామేలు