తెల్ల గీత కింద చుక్క

ఏమండీ,

మీకు నమస్కారాలు. ఇక్కడ అత్తయ్య, నేను, మెట్ల కింద మీ సైకిలు, ముగ్గురం క్షేమం. మీరు వేళకు తింటున్నారనీ, ఓడల షెడ్డులో బరువులెత్తేటప్పుడు నడుముకు పట్టీ కట్టుకుంటున్నారనీ అనుకుంటున్నాను. అనుకోవడమే గానీ నమ్మకం లేదు. మీ ఉత్తరం మంగళవారం అందింది. రెండు పేజీల్లో ఒకటిన్నర పేజీ అక్కడి వానల గురించే రాశారు. మీ సంగతి చెప్పమంటే వాతావరణం చెప్పడం మీకు పెళ్లినాటి నుంచీ ఉన్న అలవాటే.

అత్తయ్య మోకాలు ఎలా ఉందని అడిగారు. డాక్టరు రోజూ అరగంట నడవమన్నాడు. ఆవిడ వంటింట్లోంచి వరండాలోకి పదిసార్లు తిరిగి, "ఇదుగో, జలాశయం చుట్టొచ్చేశాను, కాఫీ పెట్టు" అని కూలబడుతుంది. నోరు మాత్రం మునుపటికన్నా చురుగ్గా ఉంది. వెనక గది కప్పు కారడం ఆగింది.

దారులు ఎలా ఉన్నాయనీ అడిగారు. సముద్రపు ఒడ్డు దారిలో పోయిన నెల పోటుకు రెండు గుర్తుల స్తంభాలు కొట్టుకుపోయాయి, కొత్తవి పాతించాను. అడవి దారిలో పెద్ద చెట్టు ఒకటి అడ్డంగా పడితే కోయించకుండా వదిలేశాం, నడిచేవాళ్లు దానిమీద కూర్చుని బూట్లలో రాళ్లు దులుపుకుంటున్నారు. సైకిళ్లవాళ్లు బాగా పెరిగారు. మెరిసే టోపీలు పెట్టుకుని సరిగ్గా నా నీలం బాణం ముందే ఆగి, "దారెటండీ?" అని నన్నే అడుగుతారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదేనని నవ్వుకుంటాను.

ఆ సామెత రాశాక కలం కాసేపు ఆగిపోయింది. పిల్ల అన్న మాట ఈ ఇంట్లో ఎక్కడ తగిలినా అంతే.

మన పిట్ట సైకిలు ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారు. ఇవ్వలేదు. ఇంకో మాట కూడా అడిగారు, మూడేళ్లుగా ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నారు. ఆ నీళ్ల చుట్టూ ఎలా తిరగగలుగుతున్నావు, ఆ ఉద్యోగం మానెయ్యకూడదా అని. ఇల్లు గడవాలి కదా అని ప్రతిసారీ రాశాను. అది అబద్ధం. అసలు సంగతి ఇవాళ రాస్తాను. కొంత మీకు తెలిసిందే, అయినా మొదటినుంచీ రాయనివ్వండి. మధ్యలోంచి ఎత్తుకుంటే నాకు ధైర్యం చాలదు.

నడిచేవాళ్లకు దారి తెలిసేలా రాళ్లమీద రంగు చుక్కలు వెయ్యడం నా పని, దానికి ఉన్న నియమాలు రెండే. ఒక చుక్క దగ్గర నిలబడితే తర్వాతి చుక్క కనబడాలి. జలాశయం నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అక్కడ రాళ్లమీద తెల్ల గీత ఉంటుంది, ఆ గీత కింద ఎన్నడూ చుక్క వెయ్యకూడదు. ఎండాకాలం అక్కడ ఎంత పొడిగా ఉన్నా సరే, అది నీళ్ల చోటు.

ఆ ఏడు ఎండలు మీకు గుర్తే. జలాశయం పాయ మీది చెక్క వంతెన విరిగి, నడిచేవాళ్లు అడవిలోంచి ముప్పావుగంట చుట్టు తిరగాల్సి వచ్చింది. పాయ ఎండి బీటలు వారింది. రోజూ ఎవరో ఒకరు నన్ను దులిపేసేవాళ్లు. ఒకరోజు విసుగొచ్చి, గీత దాటి దిగి, పాయకు అడ్డంగా నాలుగు రాళ్లమీద నాలుగు పసుపు చుక్కలు వేశాను. ఆఫీసులో చెప్పలేదు. వానలు పడేలోగా చెరిపేద్దామనుకున్నాను. రేపు, ఎల్లుండి అంటూ ఉండగానే ఎగువన వానలు ముందే పడ్డాయి. రాత్రికి రాత్రి పాయలోకి నీళ్లొచ్చాయి.

ఆ ఉదయం మీరూ పిట్టా సైకిళ్లమీద నా దగ్గరికి బయల్దేరారు. దారిలో మీ గొలుసు ఊడింది. "నీ సైకిలు ఇక్కడే ఉంచి నువ్వు నడుస్తూ ఉండమ్మా, అమ్మ ముందే ఉంది, నేనొచ్చేస్తా" అని మీరు దాన్ని పంపారు. పది నిమిషాలు. ఆ పది నిమిషాలనే మీరు మూడేళ్లుగా మోస్తున్నారు. విచారణకొచ్చిన ఆఫీసరు ముందు చేతులకు గొలుసు మసి అలాగే ఉండగా, "తప్పు నాదేనండీ, ఒంటరిగా పంపాను" అన్నారు. నేను మీ పక్కనే కూర్చున్నాను. నోరు మెదపలేదు.

చుక్కల సంగతి దానికి నేర్పింది నేను. మాటలు వచ్చినప్పటి నుంచీ అదే మాకు ఆట. "నేను కనబడకపోతే ఏడవకూడదు. చుక్క వెంట చుక్క పట్టుకుని రా, నా దగ్గరికే వస్తావు" అనేదాన్ని. "తర్వాతి చుక్క కనబడకపోతేనో?" అని అడిగింది ఒకసారి.

"రెండడుగులు ముందుకెయ్యి. కనబడుతుంది."

"అప్పుడూ కనబడకపోతే?"

"ఇంకో రెండు. అమ్మ చుక్క ఎక్కడికీ పోదే పిచ్చిదానా."

మీ కేక విని పరిగెత్తుకొచ్చినప్పుడు నేను మొదట చూసింది దాని చెప్పులు. రెండో చుక్క ఉన్న రాయి పక్కన, తడవకుండా, జతగా విడిచి పెట్టి ఉన్నాయి. కొత్త చెప్పులు కదా, తడిస్తే తిడతానని. మూడో చుక్క అప్పటికే నీళ్ల కింద ఉంది. ఆ రెంటి మధ్యే లోతు. ఆడుకోవడానికి నీళ్లలోకి దిగిందని అందరూ అనుకున్నారు. మీరూ అదే అనుకున్నారు. నేను ఒక్కదాన్నే అనుకోలేదు.

మర్నాడు ఇంటినిండా జనం ఉండగా, గాలి ఆడటం లేదని చెప్పి బయటికొచ్చాను గుర్తుందా? ఇనుప బ్రష్షు తీసుకుని పాయ దగ్గరికెళ్లి మొదటి రెండు చుక్కలూ గీకేశాను. మూడోదీ నాలుగోదీ అందలేదు. బిడ్డ పోయిన మర్నాడు తల్లి చేసిన పని ఇది. ఏ తల్లయినా చేస్తుందా అని నన్ను నేను అడగని రోజు లేదు. ఉద్యోగం మానకపోవడానికి కారణం కూడా అదే. నీళ్లు తగ్గి ఆ రెండూ బయటపడితే ఇంకెవరి కంటా పడకూడదని కాపలా కాశాను. కాపలా కాస్తూ మిమ్మల్ని దూరానికి పంపేశాను. పోతానన్నప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే మీరు ఆగేవారు.

మూడేళ్ల తర్వాత ఈ ఏడే మళ్లీ పాయ ఎండింది. పోయిన ఆదివారం బ్రష్షు పట్టుకునే వెళ్లాను. ఒండ్రు తుడిస్తే మూడో చుక్క నిన్న వేసినంత పచ్చగా ఉంది. అక్కడ నిలబడి తలెత్తితే నాలుగోది చక్కగా కనబడుతోంది. నా పనితనంలో ఏ లోపమూ లేదండీ. అక్కడే బురదలో కూర్చుని ఏడ్చాను, ఇన్నాళ్లూ ఇంట్లో ఏడవలేనిదంతా. బ్రష్షు వాడలేదు.

ఇంటికొచ్చి అత్తయ్యకు చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తియ్యడం ఆపలేదు.

"ఆ ఇనుప బ్రష్షు పళ్లలో పసుపు రంగు ఉంటే, ఆ రోజు కడిగి ఎండబెట్టింది నేనేనే" అంది.

"మరి ఇన్నాళ్లూ అడగలేదేం అత్తయ్యా?"

"అడిగితే నువ్వూ ఆ నీళ్ల దారే పడతావేమోనని భయమేసింది. ఒకదాన్ని పోగొట్టుకున్నది చాలదూ? అప్పటికి నా కొడుకు తట్టుకుంటాడులే అనుకున్నా. వాడు తట్టుకోలేదు, పారిపోయాడు." ఇంకో కాయ ఈనె లాగుతూ అంది, "నాకు చెప్పి ఏం లాభం? మోస్తున్నది వాడు. వాడికి రాయి."

ఆవిడ మీద కోపం తెచ్చుకోకండి. ఇద్దరి మధ్యా నలిగింది ఆవిడే.

సోమవారం ఆఫీసులో కూడా రాసిచ్చాను. సూపర్వైజరు రెండుసార్లు చదివి, "ఇప్పుడెందుకమ్మా ఇదంతా?" అన్నాడు. రంగు డబ్బా, కుంచె, ఆఫీసు సైకిలు అప్పగించేశాను. మళ్లీ పిలుస్తారు, విచారణ ఉంటుంది. అడిగినదానికల్లా ఉన్నదున్నట్టు చెబుతాను. వాళ్లొచ్చి ఆ రెండు చుక్కలూ ఫోటోలు తీసుకున్నారు. చెరిపెయ్యడానికి వేరే మనిషి వస్తాడట. ఇంక ఆ దారికి నేను గుర్తులు పెట్టను.

ఏమండీ, మీ గొలుసు ఊడినందుకు పిట్ట పోలేదు. మీరు ఒంటరిగా పంపినందుకూ పోలేదు. నా చుక్క ఉన్న దారిలో నేను కూడా దాన్ని ఎన్నోసార్లు ఒంటరిగా నడిపించాను. అది నా మాట విన్నందుకు పోయింది. రెండడుగులు ముందుకేసింది. అమ్మ చుక్క ఎక్కడికీ పోదని నమ్మింది.

క్షమించమని అడగను. అడిగే ముఖం కూడా లేదు. మూడేళ్లు మీ నెత్తిన ఉంచిన బరువు నాది, తీసేసుకుంటున్నాను, అంతే. ఇకనైనా పడుకుంటే మీకు నిద్ర పట్టాలి. ఈ ఉత్తరం చదివాక నా ముఖం చూడాలనిపించకపోతే, నేను మా అక్క దగ్గరికి వెళ్లిపోతాను, మీరు అత్తయ్య దగ్గరికి రండి. ఆవిడ అడగదు గానీ, సాయంత్రం బస్సు చప్పుడైతే వరండాలోకి వచ్చి నిలబడుతుంది. ఆ పది నడకల్లో ఒకటి దానికే.

ఆ రోజు తర్వాత మీరు సైకిలు ముట్టుకోలేదు. నిన్న దాన్ని మెట్ల కింద నుంచి తీసి తుడిచాను. గొలుసు విప్పి, కిరోసిన్‌లో కడిగి, నూనె వేసి బిగించాను. వరండాలో అటూ ఇటూ తోసి చూశాను, ఎక్కడా జారలేదు. రేపు తీసుకెళ్లి బస్టాండు దగ్గర సైకిలు స్టాండులో మీ పేరు మీద పెట్టి వస్తాను. ఎప్పుడొచ్చినా తీసుకోవచ్చు. తిట్టడానికైనా సరే, రండి. దాని మీదే రండి. ఇంటికి దారి మీకు తెలుసు. నా గుర్తులేవీ చూడక్కర్లేదు.

ఇట్లు,
పిట్ట వాళ్లమ్మ