బొటనవేలి గీతలు

అన్నయ్యా,

ట్రాక్టర్ల రిపేరు షెడ్డు వచ్చి చూసుకోమని రాశావు. రావాలనే ఉంది. కానీ అయ్యగారి కొత్త కారు ఆయన బొటనవేలికీ నా బొటనవేలికీ తప్ప స్టార్టవదు. లోకంలో అలాంటిది అదొక్కటే. దాని ఇంజన్ ట్యూనింగ్ చూసే మెకానిక్‌ని నేనని కంపెనీవాళ్లు తయారీలోనే నా వేలిముద్ర ఎక్కించారు, ఇక మార్చరట.

వెళ్తానంటే అయ్యగారు నవ్వారు. "తాళంచెవి ఊరెళ్తానంటే ఎవడైనా పంపుతాడుట్రా?" అన్నారు. ఆ రోజు నుంచి గేటుమనిషి నన్ను బయటికి వదలడం లేదు.

వేళ్లు పాడవుతాయని పనిలో గ్లవ్స్ తియ్యనివ్వరు. వదినతో చెప్పు, నా చేతులిప్పుడు ఆమె చేతులకన్నా మెత్తన.

స్నానాల గది గోడ మాత్రం గరుకు. రోజూ బొటనవేలు దానికేసి రుద్దుతున్నాను. నిన్న కారు మూడోసారికి గాని నన్ను గుర్తుపట్టలేదు.

షెడ్డు ఇంకెవరికీ ఇవ్వకు.

నీ తమ్ముడు