ఏడో అధ్యాయంలో కెప్టెన్

ఆగస్టు 14, మంగళవారం

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అంతా క్షేమం. మర్యాదలు అయిపోయాయి, ఇక తిట్లు మొదలుపెడతాను. కుర్చీలో సర్దుకుని కూర్చో.

నీ పుస్తకం రాతప్రతి ఆఖరి పేజీ దాకా చదివాను. నువ్వేమో తిరగబడ్డవాళ్ళలో చేరితివి, నేనేమో ప్రభుత్వ సైన్యం స్టోరులో గుమస్తాని. మన ఇంటినే రెండు ముక్కలు చేసిన ఆ యుద్ధాన్ని ముప్ఫై ఏళ్ళ తర్వాత వ్యూహం, ఎత్తుగడలు, నిర్మాణం అని మూడు భాగాలు చేసి అర్థం చేసుకుంటానంటే సంతోషమే. కానీ ఒరేయ్, వ్యూహానికి రెండొందల పేజీలు, నిర్మాణానికి, అంటే తిండికీ లారీలకీ గుండ్లకీ కలిపి, పదకొండా? అందులో నాలుగు మీ జెండా రంగుల గురించే!

పటాల్లో నీ బాణాలు చూస్తే ఒళ్ళు మండింది. మూడో పటంలో ఎర్ర బాణం, అంటే మావాళ్ళు, బురద నేలలోకి తిన్నగా దిగి అక్కడ ఆగిపోయింది. మావాళ్ళ లారీలు ఇరుసుల దాకా కూరుకుపోయాయి కాబట్టి ఆగింది నాయనా. వారం రోజులు రొట్టె అందక మనుషులు పచ్చి గింజలు నమిలారు. నువ్వేమో దానికి 'శత్రువు వ్యూహాత్మక విరామం' అని పేరు పెట్టావు. విరామమట, నా తలకాయ! సైన్యం నడిచేది పటం మీద కాదురా, లారీల మీద. ఈ ముక్క నీకు ఎన్ని ఉత్తరాల్లో రాశాను? గోడకి చెప్పినా ఈపాటికి తలూపేది.

సరే, అసలు సంగతికొస్తాను. ఏడో అధ్యాయం, వంతెన యుద్ధం.

మీ నాలుగు వందల మంది వంతెన దాటాలి. ఎదురుగా గుట్ట మీద మా కెప్టెన్, ఆయన దగ్గర ఆరు ఫిరంగులు. మీ కమాండర్ ఎగువన ఉత్తి గుడారాలు వేయించి, మంటలు పెట్టించి ఆయన్ని బోల్తా కొట్టించాడనీ, రెండు రోజులపాటు కెప్టెన్ ఒక్క గుండూ పేల్చలేక బిక్కచచ్చిపోయాడనీ రాశావు. 'పిరికివాడు, యుద్ధం తెలియనివాడు' అని కూడా రాశావు. పైగా దాటే రోజు సంగతి మీ కమాండర్ ఎంత గుట్టుగా ఉంచాడంటే చీమకైనా తెలియదట. ఆ వాక్యం దగ్గర నవ్వాలో ఏడవాలో తెలియక లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాను.

మళ్ళీ చెబుతున్నాను, చెవిన పెట్టు. మా స్టోరులో గుండ్లు ఒక లారీలో, వాటి ముక్కుకి బిగించే ఫ్యూజులు వేరే లారీలో వెళ్ళేవి. దారిలో ప్రమాదం జరక్కుండా ఉండడానికి ఆ పద్ధతి. ఫ్యూజు లేని గుండు పేలదు, ఊరికే వెళ్ళి రాయిలా పడుతుంది. గుండ్ల లారీ గుట్టకి చేరింది. ఫ్యూజుల లారీ ఉత్తరం డిపోకి పోయింది. మీ మంటలు చూసి కెప్టెన్ మోసపోనే లేదు. ఆ రెండు రోజుల్లో ఏడు టెలిగ్రాములు కొట్టాడు, శత్రువు వంతెన దగ్గరే ఉన్నాడు, ఫ్యూజులు ఎక్కడ అని. ఆ ఏడూ నా బల్ల మీదికే వచ్చాయి.

తర్వాత ఏమైందో నీకు తెలుసు. విచారణ పెట్టారు, పదవి పీకేశారు. అంతటి మనిషి గోదాము గేటు దగ్గర కాపలా కాస్తూనే కన్నుమూశాడు.

ఆయన కూతురు మా ఇంటి ఎదురు మందుల షాపు నడుపుతుంది. ప్రతి శుక్రవారం వచ్చి నా బీపీ చూసి వెళుతుంది. నీ పుస్తకం సంగతి నోరు జారి చెప్పాను, బుద్ధి తక్కువై. మా నాన్న గురించి ఏం రాశారు అత్తా అని అప్పట్నుంచీ ప్రతి వారం అడుగుతోంది. వాళ్ళ నాన్న కోటు ఇంకా దాచుకుంది. భుజాల మీద పట్టీలు పీకేసిన చోట దారాలు అలాగే ఉన్నాయి. మొన్న ఆ కోటు తెచ్చి చూపించింది. ఆ పిల్ల నీ ఏడో అధ్యాయం చదవకూడదు. చదివితే నేను తట్టుకోలేను, చెప్పేస్తున్నాను.

రుజువు లేకుండా అక్షరం కూడా మార్చను, ఇది చరిత్ర అక్కా అని పోయిన ఉత్తరంలో పెద్ద కబుర్లు రాశావు. లారీ ఎందుకు దారి తప్పిందో కాగితం చూపించమన్నావు. ఎవరో గుమస్తా పొరపాటు అని ఇన్నిసార్లు చెప్పినా సరిపోలేదు నీకు. నీ మొండితనం అచ్చం అమ్మదే.

పుస్తకం అచ్చుకి పోకముందే ఆ అధ్యాయం మార్చు. మరదలిని అడిగానని చెప్పు. వానలకి దగ్గు తిరగబెట్టకుండా చూసుకో.

ఇట్లు,
నీతో వేగలేని
అక్క

తా.క. ఉత్తరం అంటించి మళ్ళీ విప్పాను. మీ కమాండర్ రహస్యం చీమకి తెలియలేదేమో కానీ, నువ్వు అమ్మకి రాశావు గదరా! బుధవారం వంతెన దాటుతున్నాం, దాటాక మళ్ళీ రాస్తాను, దిగులుపడకు అని. అమ్మకి చదువు రాదు. ఆ ఉత్తరం ఎవరి చేత చదివించుకుంటుందనుకున్నావు? తిన్నగా స్టోరుకి పట్టుకొచ్చింది. బయటికి తీసుకెళ్ళి మెట్ల మీద కూర్చోబెట్టి చదివి వినిపించాను. ఆవిణ్ణి పంపించి నా బల్ల దగ్గరికి వచ్చేసరికి ఫ్యూజుల లారీ ఎక్కడికెళ్ళాలో చీటీ రాయాల్సి ఉంది. గుట్ట అని రాయాల్సిన చోట ఉత్తరం డిపో అని రాశాను.

విచారణలో నన్నూ పిలిచారు. ఫ్యూజులు పంపించారా అని అడిగారు. పంపించాం అన్నాను. ఎక్కడికి అని ఎవరూ అడగలేదు. కెప్టెన్ నా వంక చూసి తల దించుకున్నాడు.

శుక్రవారం ఆ పిల్లకి నేనే చెబుతాను. నువ్వు మాత్రం ఆయన పేరు తీసేసి అక్కడ నా పేరు రాయి. నీకు కావలసిన రుజువు ఇందులోనే పెట్టాను, ఆ చీటీ నకలు. అడుగున సంతకం చూడు. నీకొచ్చే నా ప్రతి ఉత్తరం కవరు మీదా ఉండే పేరే.